రెండు జడల బాలయేసు

ఆ రోజు ఇంట్లో ఉన్నది క్రొచిఫిస్సా నాయనమ్మ, కంటి కట్టు కొత్తగా విప్పిన తాతయ్య, అమ్మ, డోలు కొట్టడానికొచ్చిన పొరుగింటి తూరి మామ, తలుపు వెనుక నేను. ఎవరైనా వస్తే నేను తలుపు వెనుకే ఉంటాను. ఈసారి మాత్రం ఆ పని నాకు అధికారికంగా అప్పజెప్పారు.

తాతయ్యకు చూపు తిరిగొస్తే పునీత జోజప్ప పండుగకు బల్ల వేసి విందు పెడతానని నాయనమ్మ మొక్కుకుంది. జోజప్ప, మరియమ్మ, బాలయేసుల బదులు ముగ్గురు బీదవాళ్ళు వచ్చి తలుపు తడతారు. రెండుసార్లు పొమ్మనాలి, మూడోసారి తీయాలి. పంతొమ్మిది వంటకాలూ రుచి చూసేదాకా బల్ల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు, వాళ్ళు లేవకూడదు. తప్పితే మొక్కు చెల్లదు. వాళ్ళెవరో మాకు ముందుగా తెలియకూడదని పక్క ఊరినుంచి ఫాదరే పంపుతారు.

"ఈ ఇంట్లో చోటు లేదు, ముందుకు పొండి." నా వంతు ఈ ఒక్క మాట. వారం రోజులు మేకల దొడ్లో సాధన చేశాను. ఒక్క మేకా కదల్లేదు.

ఆ ఉదయమే కింద రేవులో విహార ఓడ ఆగింది. అలాంటి రోజుల్లో బస్సులు జనాన్ని తెచ్చి, కొండమీది మూడు ఊళ్ళూ చూపించి, ఓడ కూత వేసేలోపు దించేస్తాయి. పండుగ హడావుడిలో ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మధ్యాహ్నం తలుపు తట్టారు. ఎవరని అడిగాను. తూరి మామ డోలు వాయించి చూసుకుంటున్నాడేమో, జవాబు వినపడలేదు. మళ్ళీ అడగడానికి మొహమాటమేసి, నా మాట చెప్పేశాను. రెండోసారి గట్టిగా తట్టారు, నేనూ గట్టిగా చెప్పాను. మూడోసారి తలుపు ఊగిపోయింది. ఎంత బాగా నటిస్తున్నారో అనుకుంటూ తీశాను.

చేతికర్ర ముసలాయన, నీలం శాలువా కప్పుకున్న ఆవిడ, ఒక పిల్ల. బాలయేసుకు రెండు జడలున్నాయి. గమనించాను. అడగడానికి సిగ్గేసింది.

డోలు మోగింది. నాయనమ్మ కూజాతో వాళ్ళ చేతులమీద సన్నటి ధారగా, నిదానంగా నీళ్ళు పోసింది. ఆ చప్పుడుకి ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా నాయనమ్మ పెదవిమీద వేలుపెట్టి ఒక వంటకం పెట్టేది. చిక్కుడు గింజల పులుసు, రొట్టెపొడి చల్లిన పాస్తా, నారింజలు, పెద్ద గ్లాసు నిమ్మరసం. ఆయన కాలుమీద కాలు వేసుకున్నాడు. నుదుట చెమట పట్టింది. అమ్మ కళ్ళొత్తుకుంటూ, ఎంత భక్తో అన్నట్టు నావైపు చూసింది.

పద్దెనిమిదో వంటకం దగ్గర ఓడ కూసింది. అదే సమయంలో తలుపు తట్టారు.

"ఈ ఇంట్లో చోటు లేదు, ముందుకు పొండి," అన్నాను. అలవాటైపోయింది. రెండోసారీ అన్నాను. మూడోసారి తీస్తే, ఫాదర్ చీటీ పట్టుకుని ఇంకో జోజప్ప, ఇంకో మరియమ్మ, జడల్లేని బాలయేసు.

లోపలి జోజప్ప ఇక ఆగలేదు. పొట్ట పట్టుకుని, ఏ దేశంలోనైనా అర్థమయ్యే సైగ చేశాడు. అమ్మ పరుగెత్తి బాత్రూమ్ చూపించింది.

నాయనమ్మ కుర్చీలో కూలబడింది. "మొక్కు పోయింది. మధ్యలో లేచేశాడు."

"జోజప్ప కూడా ముసలాయనేగా," అన్నాడు తాతయ్య. "ముక్కూమొహం తెలియని ముగ్గురొచ్చారు. రెండుసార్లు పొమ్మన్నాం, మూడోసారి పెట్టాం. ఇంకేం కావాలే? ఆ పిల్ల జడ రిబ్బన్లు కూడా నాకు కనిపించాయి. ఎర్రవి."

నాయనమ్మ ఆ పిల్లకేసి చూసింది. రిబ్బన్లు ఎర్రవే. కళ్ళు తుడుచుకుంది. ముసలాయన వెలిగిపోతున్న మొహంతో వచ్చి కూర్చుని, పంతొమ్మిదోది తిని, మొదటిది మళ్ళీ కావాలన్నట్టు చూపించాడు.

వాళ్ళ చేతుల్లో పండుగ రొట్టెలు పెట్టి, మేకల దారిన పరుగున తీసుకెళ్ళి, వాళ్ళకోసమే ఆగి ఉన్న ఓడ బస్సెక్కించాను. ఆయాసపడుతూ తిరిగొచ్చి తలుపు తట్టాను.

"ఎవరది?"

"నేనే, నాయనమ్మా."

తలుపు జానెడు తెరుచుకుంది. లోపల రెండోసారి వచ్చిన ముగ్గురు మొదటి వంటకం దగ్గరున్నారు. నాయనమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఈ ఇంట్లో చోటు లేదు, ముందుకు పో," అని తలుపు వేసేసింది.

సాధన లేకుండానే నాకంటే బాగా చెప్పింది.