మాస్టారు ఆగిన చోట

ఆ రోజు ఉదయం మాస్టారు వేసుకున్న పథకం చాలా సులువైనది. మ్యూజియం సభ్యుల్ని బస్సులో కొండ కోటకి తీసుకెళ్లాలి, మెట్లెక్కించాలి, పైనున్న స్తంభాల హాలు ముందు నిలబెట్టి ఒళ్లు మరిచిపోయేలా మాట్లాడాలి, భోజనాల వేళకి కిందికి దించాలి. మ్యూజియంలో శిల్పాల విభాగం బాధ్యత చూసి రిటైరైన దగ్గర్నుంచి ఏటా ఆయన చేస్తున్నది అదే. ఈసారి కొత్తగా వచ్చి చేరిందల్లా కుడి మోకాలి నొప్పి.

ఆ మోకాలికి పట్టీ తొడుగుతూ భార్య, నొప్పి పుడితే పుట్టిందని చెప్పేసి ఎక్కడైనా కూర్చోమంది. అదే కుదరదన్నారు మాస్టారు. చెవికి తగిలించుకుంటే అన్నీ చెప్పుకుపోయే మెషిన్లు మ్యూజియంలోకి వచ్చాయట. వచ్చే ఏడాది యాత్రలకి మనిషిని పంపాలా, మెషిన్లు పంపాలా అన్నది ఈ ప్రయాణం చూశాకే తేలుస్తారట. తేల్చాల్సిన మ్యూజియం కార్యదర్శి ఇవాళ వెంట వస్తోంది.

"ఇవాళ అక్కడ కూర్చున్నానంటే, ఇక ఎప్పటికీ ఇంట్లోనే కూర్చోవాలి," అన్నారాయన.

"అలా అయితే నాకూ కష్టమే లెండి," అని ఆవిడ పట్టీ ఇంకాస్త బిగించింది.

ఆయన భయం వేరు. ఏడాదంతా ఇంట్లో ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు, పాలు తెచ్చారా అని తప్ప. ఈ ఒక్కరోజు మాత్రం ఇంతమంది ఆయన వేలు చూపించిన వైపు చూస్తారు. అదీ పోతే తానేమవుతానో ఆయనకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

బస్సు కొండ కింద ఆగింది. సభ్యులు దిగి మెట్ల వంక చూశారు. అందరూ ఇంచుమించు మాస్టారి ఈడువాళ్లే. ఎవరూ పైకేమీ అనలేదు. మాస్టారు ముందు నడిచారు, వెనక సభ్యులు, అందరి వెనక కార్యదర్శి.

మ్యూజియం సభ్యులకి ఒక అలవాటుంది. అద్దాల పెట్టెలో పెడితే తుప్పు పట్టిన మేకునైనా వంగి చూస్తారు. నిపుణుడు ఎక్కడ ఆగితే అక్కడ చూడదగ్గదేదో ఉందని వాళ్ల గట్టి నమ్మకం. అందుకే రెండో మలుపులో మోకాలు పట్టేసి మాస్టారు పక్కనున్న గోడ మీద చెయ్యి వేసేసరికి, వెనకున్నవాళ్లంతా ఆగి కళ్లజోళ్లు సవరించుకున్నారు.

"ఇందులో విశేషమేంటి మాస్టారూ?" అని సభ్యుల్లో ఉన్న పళ్ల డాక్టరు అడిగాడు.

విశేషమేముంది, రాళ్లున్నాయి. మాస్టారు మింగలేక కక్కలేక, "నేను చెప్పను. మీరే చూడండి," అన్నారు.

చూశారు. పళ్ల డాక్టరు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్లి, ఒక రాళ్ల సందుని తర్వాతెప్పుడో పూడ్చారని కనిపెట్టాడు. పూడ్చింది శత్రువులు గోడ పగలగొట్టాకా, వాన తినేశాకా అని వాదన లేచింది. సభ్యుల్లో ఇద్దరు అక్కాచెల్లెళ్లున్నారు. అక్క ప్రశ్న మీద ప్రశ్న వేసింది. మాస్టారు ఆలోచించినట్టుగా తలాడించారు. ఈలోగా మోకాలు కాస్త వదులైంది.

మూడో మలుపులో నీళ్లు పోయే తూము దగ్గర మళ్లీ ఆగారు. దాని మీదా అంతసేపు చర్చ నడిచింది. ఆ పై మలుపులో ఇక నిలబడలేక మాస్టారు రెండు చేతులూ గోడకి ఆన్చి కళ్లు మూసుకున్నారు. సభ్యులు గొంతు తగ్గించి మాట్లాడుకోసాగారు. ఇంతకీ పైకి ఎప్పుడు వెళ్తామని కార్యదర్శి అడిగితే, అక్క ఆమెని మర్యాదగా ఊరుకోమంది.

వెనక వచ్చే కొత్తవాళ్లు ఇంతమంది గోడని చూడడం చూసి తామూ ఆగారు. దారి ఇరుకు కావడంతో దిగేవాళ్లు ఇరుక్కుపోయారు. మాస్టారు గోడని ఆనుకున్నారో, గోడని ఆపుతున్నారో దూరం నుంచి చూసేవాళ్లకి తెలియదు. గోడలో ఏదో ఉందట అన్న మాట ఒక మలుపు దిగేసరికి గోడ ఒరిగిందట అయింది, అడుగుకి చేరేసరికి కూలుతోందట అయింది. కాపలా మనిషి పరుగున వచ్చి, దారికి అడ్డంగా తాడు కట్టేసి, పైకి ఎవరూ వెళ్లకూడదన్నాడు. అతని వెనకే కోట అధికారి రొప్పుతూ వచ్చాడు. స్తంభాల హాలు ఇక చూసినట్టేనని కార్యదర్శి మొహం మాడ్చుకుంది.

"గోడ ఎంతసేపు ఆగుతుందంటారు సార్?" అని అధికారి మాస్టారినే అడిగాడు.

అంతా ఆయన వంకే చూశారు. ఎక్కువసేపు ఆగదంటే చాలు, పరువు దక్కుతుంది, మెట్లూ తప్పుతాయి. కానీ మర్నాడే మనుషులు గడ్డపారలతో వచ్చి, ఇన్ని వానలకి చెక్కుచెదరని గోడని ఊడదీస్తారు. మాస్టారు ఇందాకట్నుంచి తలాడించారే గానీ, రాళ్ల గురించి ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఆరోగ్యంగా ఉన్న గోడ మీద నింద వెయ్యడానికి ఆయనకి మనసు ఒప్పలేదు.

"గోడకేం కాలేదండీ. పాడైంది నా మోకాలు. నడవలేక ఆగాను, అంతే," అన్నారు, కార్యదర్శి వైపు చూడకుండా.

పళ్ల డాక్టరు నడుం పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ ముక్క రెండో మలుపులోనే అనుంటే, నేను ఆ రాళ్ల సందు గురించి అంతసేపు మాట్లాడేవాణ్ని కాదు మాస్టారూ. నా నడుం అక్కడే పట్టేసింది."

చెల్లెలికి ఊపిరి అందేదాకా ప్రశ్నలు వేస్తూ పోయానని అక్క ఒప్పుకుంది. చెల్లెలు మాత్రం తను అక్క ఆగాలనే ఆయాసపడ్డట్టు నటించానంది. ఒక్కొక్కరే బూట్లు విప్పుకున్నారు. మాస్టారికి నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. ఇంతసేపూ తానొక్కడే కుంటుతున్నాననుకున్నారాయన.

కార్యదర్శి వచ్చి ఆయన పక్క మెట్టు మీద కూర్చుంది.

"పోయిన వారం మెషిన్ తగిలించుకుని ఈ కొండెక్కాను మాస్టారూ. అది ఎక్కడా ఆగదు. పైకెళ్లేసరికి నాకు ఊపిరాడలేదు, ఏం చూశానో గుర్తూ లేదు. వచ్చే ఏడాదీ మీరే రండి. ఇంకాస్త నెమ్మదిగా."

ఆ రోజుకి హాలు వద్దనుకుని దిగేటప్పుడు రెండో మలుపులో మాస్టారు మళ్లీ ఆగారు, ఈసారి మోకాలు అడక్కుండానే. పైనున్న హాలు గురించి ఆలోచిస్తూ ఇన్నేళ్లూ ఆయన ఈ గోడ పక్కనుంచి విసవిసా నడిచిపోయారు. ఆ పూడ్చిన సందులో, గారలో, పూడ్చినవాడి బొటనవేలి ముద్ర ఉంది. ఆయన దాని పక్కన వేలు పెట్టి చూపించారు. పళ్ల డాక్టరు నడుం నొప్పి సంగతి మరిచి వంగాడు. అక్క ఈసారి ప్రశ్నలేమీ వెయ్యలేదు.

గోడ గట్టిగా ఉందని తేలింది గానీ, తాడు పూర్తిగా తీసెయ్యమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వకపోవడంతో కాపలా మనిషి దాన్ని దారికి అడ్డం లేకుండా గోడ పొడవునా కట్టాడు. ఇప్పుడు కొండెక్కే ప్రతివాళ్లూ దాని ముందు ఆగి, గోడని శ్రద్ధగా చూసి, ఆయాసం తీరాక అర్థమైనట్టు తలాడించి పైకి పోతున్నారు.