మేఘాలున్నాయి, నీటి జాడ లేదు

తీరిగ్గా తయారై, ఇస్త్రీ బట్టలు నలగకుండా బస్సెక్కి, ఇంటర్వ్యూలో అడిగినవాటికి తడుముకోకుండా జవాబులు చెప్పి, ఉన్న ఒక్క పరిశోధన సీటూ పట్టుకురావాలి. ఇదీ ఆ ఉదయం వానమ్మాయి పథకం. నిరుడు ఇదే సీటు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈసారీ పోతే ఆశ వదులుకోవలసిందే.

వానమ్మాయి అన్న పేరు పిన్ని చలవ. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల మీద గాలి ఎలా ఉంటుందో, మేఘాలుంటాయో లేదో తెలుసుకోవడం ఆ పిల్ల చదువు. పిన్ని మాత్రం "మా అమ్మాయి వాతావరణం చదువుతోంది" అని వీధంతా చాటింది.

"ఇక్కడి వాతావరణం కాదు పిన్నీ!" అని పిల్ల మొత్తుకుంది.

"ఎక్కడిదైతేనేంటే! వాతావరణం వాతావరణమే కదా," అంది పిన్ని.

ఆ ఉదయం పిల్ల మెట్ల మీద కూర్చుని జవాబులు వల్లె వేస్తుంటే పిన్ని మేడ మీంచి కేకేసింది. "ఏమే, పరుపులు ఎండేయనా?"

పిల్ల వింటేగా! ఎక్కడో ఉన్న గ్రహాన్ని తలుచుకుంటూ గట్టిగా అంది. "మేఘాలున్నాయి. నీటి జాడ లేదు. కాబట్టి నీళ్ళు లేవు!"

ఇంకేముంది, ఇంట్లో పరుపులన్నీ మేడెక్కాయి. అది చూసి పక్కింటావిడ ఉన్న దుప్పట్లన్నీ ఉతికి ఆరేసింది. "వానమ్మాయే చెప్పిందట" అని చెవిన పడగానే మూలింటి పెయింటరు, గోడకు కప్పిన ప్లాస్టిక్ పట్టా పీకి పారేసి నీలం డబ్బా మూత తీశాడు.

పిల్ల గుమ్మం దాటిందో లేదో, ఆకాశానికి చిల్లుపడ్డట్టు వాన!

"పరుపులే! రావే, పట్టవే!" అని పిన్ని గావుకేక పెట్టింది. ఇద్దరూ కలిసి నీళ్ళోడే పరుపులు దించేసరికి ఇస్త్రీ బట్టలు తడిసి ముద్దయ్యాయి. బస్సు కోసం పరిగెడుతూ పిల్ల మూలింటి దగ్గర కాలు జారి గోడను వాటేసుకుంది. గోడ మీది నీలం సగం ఒంటికి అంటింది.

ఇంటర్వ్యూ గదిలో ప్రొఫెసరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఆ రంగెక్కడిది?"

"మా వీధి మూలింటి గోడది మేడమ్."

"ఆ ఇల్లు నాదే. మొన్ననే కొన్నాను. వాన పడదని ఎవరో వానమ్మాయి చెప్పిందని పెయింటరు ఫోన్లో లబోదిబోమన్నాడు. నువ్వేనా?"

పిల్లకు ఏడుపొక్కటే తక్కువ. "నేనే. కానీ నేనన్నది ఇక్కడి మేఘాల గురించి కాదండీ, ఎక్కడో ఉన్న గ్రహం మీది మేఘాల గురించి!"

"సరే, ఆ గ్రహం సంగతే చెప్పు. మేఘాలున్నాయి, నీటి జాడ దొరకలేదు. అయితే ఏంటి?"

వల్లె వేసిన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో జుట్టు కొసనుంచి ఓ చుక్క టప్పున బల్ల మీద పడింది. పిల్ల ఆగింది.

"నీళ్ళు లేవని అనలేమండీ. ఆ గ్రహం అంచున ఉన్న గాలిలోంచి వచ్చే నక్షత్రపు వెలుగే మనకు ఆధారం. పైన మేఘాలు అడ్డుపడితే కింది నీటి జాడ మనదాకా రాదు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. పొద్దున్నే తెలిసొచ్చింది."

ప్రొఫెసరమ్మ పగలబడి నవ్వింది. "నీకంటే ముందొచ్చినవాళ్ళంతా లేవనే బల్లగుద్ది చెప్పారు. సీటు నీదే!"

పిల్ల సంతోషం పట్టలేక ఎగిరి గంతేసింది. ఆ గది గోడకు కూడా కాస్త నీలం దక్కింది.

మర్నాడు ఎండ విరగకాసింది. పెయింటరు ఇంటికొచ్చి అడిగాడు. "ఇవాళ వాన పడుతుందా అమ్మా?"

"పడదు," అంది వానమ్మాయి నిండు నమ్మకంతో.

పెయింటరు వెంటనే వెళ్ళి గోడకు పట్టా కప్పేశాడు.