అట్ట మీద బొమ్మ ఎవరిది

పందొమ్మిదివందల అరవై రెండులో ఒక ఉదయం ప్రమీలారాణి అనుకున్నది చిన్న పనే. జగ్గయ్యపేట ప్రెస్సు నుంచి తెచ్చుకున్న కాగితాలు మడిచి, దారంతో కుట్టి, నందిగామ బస్టాండు దగ్గర కనకయ్యగారి కొట్లో పెట్టి రావాలి. తనే బొమ్మ గీసి, చెక్కదిమ్మె మీద తనే చెక్కి, కింద నాలుగు మాటలు రాసి అచ్చువేయించుకునే చిన్న పుస్తకం అది. అంతకుముందు మూడు సంచికలు వేసింది. కొని చదివినవాళ్లకంటే ఊరికే పుచ్చుకుని పొట్లాలు కట్టినవాళ్లే ఎక్కువ.

నాలుగో సంచిక అట్ట మీద ఒక ఆడమనిషి పొయ్యి పక్కన గోడకు జారగిలబడి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చేతిలో గరిటె అలాగే ఉంది.

కనకయ్య భార్య సత్యనారాయణమ్మ కట్ట విప్పి చూసి, అది తన బొమ్మేనని తేల్చేసుకుని మండిపడింది. కోర్టులో గుమాస్తాగా ఉన్న ప్రమీలారాణి భర్త జగన్నాథరావుకు కబురు వెళ్లింది. ఆయన భార్యను అడగలేదు, పుస్తకం తెరిచి చూడలేదు. నేరుగా కొట్టుకు వెళ్లి, ఆ బొమ్మ తమ హెడ్డుగుమాస్తాగారి భార్య రత్తమ్మదని చెప్పాడు. ఆవిడ ముక్త్యాలలో పుట్టింట్లో ఉంది కాబట్టి వినదని ఆయన ధైర్యం.

ఆవిడ వినలేదు. హెడ్డుగుమాస్తా వీరరాఘవయ్య విన్నాడు. జగన్నాథరావు ఆయన దగ్గరికి పరుగెత్తి, నిజానికి అది సత్యనారాయణమ్మ బొమ్మేనని ఒట్టువేశాడు. రెండు మాటలూ ఊళ్లో కలుసుకున్నాయి. ఎవరి అత్తగారో, ఎవరి తోటికోడలో చూసుకోవాలని ఆడవాళ్లంతా పుస్తకం కొన్నారు. కట్ట మొత్తం ఖాళీ అయింది. ప్రతి ఇంట్లోనూ ఒక తగువు పుట్టింది.

సాయంత్రానికి జనమంతా జగన్నాథరావు ఇంటి ముందు చేరారు.

"ఎవరి బొమ్మమ్మా ఇది? చెప్పేస్తే గొడవ తీరిపోతుంది," అన్నాడు వీరరాఘవయ్య.

ప్రమీలారాణి తడిచేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది. "నాదేనండీ. రోజూ పొయ్యి దగ్గరే కునుకు పట్టేస్తుంది. లేచేసరికి నోరెండిపోయి ఉంటుంది. అందుకే అట్లా గీసుకున్నా."

ఎవరూ నమ్మలేదు. అందరూ భర్త వైపు చూశారు. జగన్నాథరావు అప్పుడు మొదటిసారి పుస్తకం చేతిలోకి తీసుకుని, దీపం దగ్గర పెట్టి, బొమ్మను చాలాసేపు పరీక్షగా చూశాడు.

"ఈవిడెవరో నాకు తెలియదండీ," అన్నాడు.

ఆ రోజు ఆయన చెప్పిన మాటల్లో అదొక్కటే నిజం.

దాంతో ఆవిడ అబద్ధమాడిందని తేలిపోయింది. తన మొహం తాను గీసుకున్నందుకు ప్రమీలారాణి సత్యనారాయణమ్మకు క్షమాపణ చెప్పుకుంది. లోపలికి వెళ్లి అన్నం వార్చింది.

క్షమాపణ అందుకున్నాక ఇక బొమ్మ తనదేనని సత్యనారాయణమ్మకు రూఢి అయింది. వారం తిరక్కుండా అట్టకు అద్దం కట్టించి కొట్లో తగిలించింది. వచ్చినవాళ్లందరికీ, తను ఇంటికోసం ఎంత కష్టపడుతుందో ఊరంతటికీ తెలుసని దాన్ని చూపించి చెప్పుకునేది.

ఐదో సంచిక అట్ట మీద ప్రమీలారాణి మందారపువ్వు వేసింది. జగన్నాథరావు చూసి, అచ్చం మందారంలాగే ఉందని మెచ్చుకున్నాడు.