రక్తంలో చక్కెర పోసిందెవరు?

“వీరేశూ, ఈ దేశంల అసలైన మెదళ్లు రెండే రెండు. ఒకటి ఢిల్లీల అద్దాల పెట్టెల దాచిపెట్టిన్రు. రెండోది నీ ముంగట కూసోని చాయ్ తాగుతున్నది.”

ఇలా ప్రకటించి రేవణసిద్ధప్ప గ్లాసు ఠపీమని దించాడు. దించిన చోట వీరేశ్ అరగంట నుంచి బాగుచేస్తున్న సెల్‌ఫోన్ నోరు తెరుచుకుని ఉంది. మిగిలిన చాయ్ అంతా అది తాగింది.

జహీరాబాద్‌లో సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం పెట్టుకుని బతుకుతున్న వీరేశ్‌కు వేరే కష్టాలేమీ లేవు. ఉన్న ఒక్క కష్టమూ రోజూ పదింటికి వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది. రేవణసిద్ధప్ప ముప్ఫై ఏళ్లు కరెంటు మీటర్ల రీడింగులు రాశాడు. రిటైరైన మర్నాడే ‘ప్రైవేట్ డిటెక్టివ్’ అని కార్డులు అచ్చు వేయించాడు. ఆయన ఇప్పటిదాకా పట్టుకున్న నేరస్థుల సంఖ్య సున్న. నేరస్థుడని వెంటపడితే కుక్క కరిచిన సందర్భాలు రెండు.

“కేసొచ్చింది,” అన్నాడు గొంతు తగ్గించి. “హత్యాయత్నం. శివరాజ్ సేటుకు ఎవరో రోజు ఇంత చక్కెర పెట్టి సంపుతున్నరు.”

వీరేశ్ తల ఎత్తలేదు. “సేటుకు షుగరున్నది గదన్నా. చక్కెర ఆయన తినబట్టే వచ్చి ఉంటది.”

“గక్కడనే పొరపడ్డవ్. సేటు ఇరవై దినాల సంది అన్నం మెతుకు ముట్టలే!”

ఆ మాట నిజమే. స్టీలు సామాన్ల దుకాణం శివరాజ్ సేటుకు డాక్టరు పిండి పదార్థాలు తగ్గించమన్నాడు. నెల లోపల షుగరు దిగకపోతే రోజూ సూది వేసుకోవాలని బెదిరించాడు. సేటు అన్నం బంద్, రొట్టె బంద్, చక్కెర బంద్ పెట్టాడు. అయినా రాత్రి మీటరు పెడితే రెండువందల తొంభై. మర్నాడు మూడువందలు. ఇక ఇంట్లో దొంగ ఎవరో ఉన్నారని ఆయనకు అనుమానం. ఇంట్లో ఉండేది ఆయనా, భార్య మహాదేవమ్మా. బయటి మనిషి ఒక్కతే, వంటచేసే బాలమణి. కాబట్టి దొంగ ఎవరో తేల్చడం సేటుకు కష్టం కాలేదు. ఆమె కళ్ల ముందే చక్కెర డబ్బాకు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఈ శనివారం నేరం రుజువైతే ఆమె పని ఊడుతుంది.

బాలమణి ఝరాసంగం నుంచి షేరాటోలో వచ్చి పదకొండేళ్లుగా ఆ ఇంట్లో వండుతోంది. వీరేశ్‌కు ఆమె తన చిన్నప్పటి నుంచీ ఎరుక. ఈ మీటరు మహానుభావుడి చేతిలో ఆమె బతుకు పడిందని తెలిసేసరికి వీరేశ్ చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పడేశాడు. శనివారం దుకాణం బంద్ అని తేల్చేశాడు.

“నేను గూడ వస్త. నువ్వు చేసేటివన్నీ రాసిపెడ్త.”

“నా చరిత్ర రాయాల్నని నీకు గూడ అనిపించిందన్నమాట,” అన్నాడు రేవణసిద్ధప్ప మీసం దువ్వుతూ.

శనివారం పొద్దున పదింటికి ఇద్దరూ సేటు ఇంట్లో ఉన్నారు. రేవణసిద్ధప్ప గోడలు తట్టి చూశాడు, చీపురును వాసన చూశాడు, తర్వాత అలమార మీద వరుసగా నిలబెట్టిన సీసాల మీద పడ్డాడు. సేటు సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి తెప్పించుకున్న సరంజామా అది. రేవణసిద్ధప్ప ఒక సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లనీళ్లతో మూడడుగులు వెనక్కి ఎగిరాడు.

“యాసిడ్! సేటూ, మీకు యాసిడ్ తాపుతున్నరు!”

“అది యాపిల్ వెనిగరయ్యా,” అన్నాడు సేటు. “పొద్దుగాల నీళ్లల్ల కలుపుకుంట.”

“మరి ఈ మట్టి?”

“అవిసెగింజల పొడి.”

“ఈ సీసా మీద చేప బొమ్మ ఉన్నది. చేప అంటే నది. నది అంటే మంజీర. నేరస్థుడు న్యాల్‌కల్ దిక్కు నుంచి వచ్చిండు! రాసుకో వీరేశూ.”

వీరేశ్ సీసా తిప్పి చదివాడు. “అన్నా, ఇవి చేపనూనె మాత్రలు.”

తరతరాలుగా కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు అది. సేటు ముఖం పాలిపోయింది. “చేప బొమ్మ జూసి, ఈత కొట్టేటంత హుషారొస్తదేమో అనుకున్న,” అన్నాడు నీరసంగా. పదిహేను రోజులుగా పూటకు రెండు మింగుతున్నాడు. మహాదేవమ్మ “శివ శివా” అంటూ సీసాను పట్టకారుతో పట్టి పెరట్లోకి తీసుకుపోయింది.

డిటెక్టివ్ కనిపెట్టిన నేరం అదొక్కటే, అదీ తెలియక. అక్కడితో ఆగితే ఆయన రేవణసిద్ధప్ప ఎట్లా అవుతాడు? బాలమణిని పిలిపించాడు.

“చక్కెర ఎన్నడు కలిపినవ్? ఎంత కలిపినవ్? ఎవరు జెప్తే కలిపినవ్?”

“నేనేం కలపలే సారూ.”

“అందరు గట్లనే అంటరు.”

“కలపనోళ్లు గూడ గట్లనే అంటరు గద సారూ,” అంది బాలమణి. ఆమె కళ్లు దించలేదు. వీరేశ్‌కు ఆ డిటెక్టివ్ నెత్తిన చీపురుతో ఒక్కటి వేయాలనిపించింది.

“ఫికర్ చెయ్యకున్రి సేటూ,” అన్నాడు రేవణసిద్ధప్ప. “ముప్ఫై ఏండ్లు మీటర్లు చదివిన కన్ను ఇది. ఇయ్యాల నా దేహాన్నే ప్రయోగశాల చేస్తున్న. ఇప్పుడు నా నెత్తురు చూస్త. మధ్యాహ్నం ఈమె మీకు వండేదే నేను తింట. తిన్నంక మళ్ల చూస్త. మీటరు ఎగిరితే ఈమె దొరికినట్టే!”

సేటు చక్కెర మీటరు తెచ్చాడు. కొత్త సూది చూడగానే ప్రయోగశాల కళ్లు మూసుకుని “అమ్మా” అని కేకపెట్టింది. నూట ఎనిమిది. వీరేశ్ పుస్తకంలో రాశాడు.

పదకొండు కొట్టేసరికి ప్రయోగశాలకు ఆకలైంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గునుస్తుంటే మహాదేవమ్మకు జాలేసింది.

“జర పలారం చెయ్యనా అన్నా? నిన్ననే సాబుదానా నానబెట్టిన. ఆయనకు రోజు రాత్రి గిసుంటి పలారమే చేసిపెడ్త.”

“పలారమైతే ఏం ఫరక్ పడదు,” అన్నాడు రేవణసిద్ధప్ప. “ఒక్కపొద్దుల గూడ తింటం గద. అది లెక్కలకు రాదు.”

సగ్గుబియ్యం, ఆలుగడ్డ, పల్లీల పొడి, పైన నెయ్యి. కిచిడి ఘుమఘుమలాడింది. లెక్కలోకి రాదు గనుక ఆయన రెండు పళ్లేలు తిన్నాడు. మిగిలింది ఒక డబ్బాలో పెట్టించుకున్నాడు.

పన్నెండున్నరకు బాలమణి వంట ముగించింది. పాలకూర, బీరకాయ, పనీరు, పెరుగు. రేవణసిద్ధప్ప పీట మీద కూర్చుని చెయ్యి పైకెత్తాడు. “పాత రీడింగు పనికిరాదు. తినే ముంగట ఇంకొకటి తీయాలె. డిపార్ట్‌మెంట్ రూలు.”

రెండువందల ముప్ఫై ఒకటి.

“జూసిన్రా!” ఆయన ఎగిరి నిలబడ్డాడు. “ఇంక నోట్ల పెట్టనే లేదు! వాసనతోనే విషం ఎక్కించింది! ఇసుంటి భయంకరమైన మెదడును నేను నా సర్వీసుల చూడలే!”

బాలమణి చేతిలోని గరిటె గిన్నెలో పడింది. “సారూ, పాలకూర వాసనకు షుగరొస్తదా?”

“నీ పాలకూరకు వస్తది!”

సేటు ముఖం ముడుచుకుంది. పదకొండేళ్లు తిన్న చేతి వంట అది. ఆయన ఒక్క మాటైనా అడ్డు చెప్పలేదు. మహాదేవమ్మ కూడా గోడవైపు చూసింది.

“ఇగ తింట. నాలుగువందలు దాటుతది,” అని రేవణసిద్ధప్ప కూరలన్నీ ఖాళీ చేశాడు. చచ్చిపోతే తన ఫోటో ఏది పెట్టాలో కూడా వీరేశ్‌కు చెప్పాడు. తర్వాత దివాన్ మీద పడి గురక పెట్టాడు. బాలమణి ఆ మధ్యాహ్నం అంట్లన్నీ తోమింది, గ్యాసు పొయ్యి తుడిచింది, తన టిఫిన్ డబ్బాను సంచిలో సర్దుకుంది. రేపు రాననుకుంటున్న మనిషి పని అది. వీరేశ్ చూడలేక తల తిప్పుకున్నాడు.

మూడింటికి అందరినీ హాల్లో నిలబెట్టి రేవణసిద్ధప్ప వేలు చాచాడు.

“ఈ గదిలనే ఉన్నది నేరస్థురాలు. వీరేశూ, మీటరు చదువు.”

“నూట నలభై.”

“ఎంత?”

“నూట నలభై అన్నా. తగ్గింది.”

“మీటరు తిప్పిన్రు! ట్యాంపరింగ్!” అని ఆయన మీటరును చెవి దగ్గర పెట్టి ఊపాడు. “దీని సీలు ఎవరు ఊడపీకిన్రు?”

వీరేశ్ పుస్తకం తెరిచి పొద్దుటి నుంచి రాసినవి చూశాడు. వేళలు, అంకెలు, తిన్న పదార్థాలు, వరుసగా తన చేత్తోనే రాసినవి. మెల్లగా పైకి చదివాడు. “పదింటికి నూట ఎనిమిది. పదకొండింటికి సాబుదానా రెండు పళ్లేలు. పన్నెండున్నరకు రెండువందల ముప్ఫై ఒకటి. బాలమణక్క వండిన కూరలు. మూడింటికి నూట నలభై.” ఆగి అడిగాడు. “సేటూ, మీరు మీటరు ఎప్పుడు పెడ్తరు?”

“రాత్రి. పలారం అయినంక.”

“ఏమేం పలారం?”

“సాబుదానా, ఉప్మా, అటుకులు...” సేటు మధ్యలోనే ఆపి భార్య వైపు తిరిగాడు.

“అన్నం ఒక్క మెతుకు పెట్టలే!” అంది మహాదేవమ్మ ఏడుపు గొంతుతో. “డాక్టరు అన్నం బంద్ అంటే ఒక్కపొద్దు లెక్కనే చేసిన. మీ పానం మంచిగుండాలెనని నెయ్యి గూడ ఎక్కువ పోసిన!”

“గదంత పిండే గదమ్మా,” అంది బాలమణి. “మా అమ్మకు షుగరొచ్చినప్పుడు దవాఖానల నర్సమ్మ జెప్పింది. మొదటి వారమే మీకు జెప్పిన. దేవుని పలారానికి పేర్లు పెడ్తవా అన్నరు.”

“మళ్ల జెప్పొద్దా బాలమణీ?” అన్నాడు సేటు.

“ఎవరన్న అడిగిన్రా సేటూ? చక్కెర ఎన్నడు కలిపినవ్ అని అడిగిన్రు. నీకేమన్న ఎరుకనా అని ఒక్కరడగలే.”

“తప్పైంది,” అన్నాడు సేటు తల దించుకుని.

“రేపొస్త,” అంది ఆమె. “రేపటి సంది సాయంత్రం వంట గూడ నేనే చేసి పోత. తాళంచెవి ఇటియ్యిన్రి.”

సేటు మొలతాడు విప్పి ఇచ్చాడు. ఆమె చక్కెర డబ్బా తాళం తీసి సాబుదానా డబ్బాకు వేసి, చెవిని కొంగున ముడేసుకుంది.

“నా ప్లానంత ఇదే,” అన్నాడు రేవణసిద్ధప్ప రోడ్డు మీదకు వచ్చాక. “నేరస్థుణ్ణి నా నెత్తురులకే రప్పించి పట్టుకున్న.” చంకలో మిగిలిన కిచిడి డబ్బా ఉంది. సాక్ష్యమట.

వెనకే వచ్చిన బాలమణి షేరాటో ఎక్కబోతూ ఆగి, చెయ్యి చాచింది. “గా డబ్బ ఇటియ్యిన్రి సారూ.”

“ఇది సాక్ష్యమమ్మా!”

“రెండువందల ముప్ఫై ఒకటి సారూ. మా అమ్మకు గూడ గంతే ఉండె. మీకు గూడ షుగరున్నట్టున్నది, పొద్దుగాల దవాఖానకు పోన్రి.”

రేవణసిద్ధప్ప వీరేశ్ చేతిలోని పుస్తకం లాక్కుని ఆ అంకెను చదివాడు, మళ్లీ చదివాడు. ముప్ఫై ఏళ్లు ఆయన రాసుకుపోయిన రీడింగులు చూసి జనం గుమ్మాల్లో నిలబడి తప్పు, తప్పు అని మొత్తుకున్నారు. ఇవాళ ఆయన ఆ మాట అనడానికి నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకుని, డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.