హన్మాండ్లు గుండ్రముద్రా దిగ్విజయము

ఎడ్ల గిట్టల తాకిడికీ, కూలీల చాటల విసురుకీ లేచిన హరిద్రాపరాగము గగనమండలమునంతటినీ ఆక్రమించి, సూర్యభగవానుడంతటి వానిని పట్టి నలుగు పెట్టి కూర్చోబెట్టిన ఆర్మూరు మహాపట్టణమునందు, పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సర గ్రీష్మారంభమున, ఓ గుండ్రముద్రాదేవీ, నిన్ను తలచి మొదలగు కథ ఇది. నీవు పడని కాగితము పొట్లాలకే పనికివచ్చును. అరబ్బు ఎడారులకు పోవు దారి నీ బొజ్జలోనుంచే పోవుచున్నది గనుక, తల్లీ, జర పక్కకు జరుగు.

కథానాయకుడు కమ్మర్‌పల్లి వాస్తవ్యుడు, అగ్నిజ్వాలలతో ఇనుమునకు ఇనుమును అతికించు వెల్డింగ్ విద్యావిశారదుడు, అయినను ఆఫీసు గడప కనబడినంతనే చెప్పులు విడిచి చేతులు కట్టుకొను ధీరోదాత్తుడు, హన్మాండ్లు. పోయినేడు చేనిలోని పసుపంతా దుంపకుళ్లు తగిలి పోయింది. మస్కట్టులో వెల్డరు కొలువు ఒక్కటే ఉంది. దానికి ఇతడూ, భీమ్‌గల్ వాడొకడూ పోటీ. ఏజెంటు తుకారాం ధర్మయుద్ధ నియమమును ముందే చాటాడు: సర్టిఫికెటు జిరాక్సుల మీద గెజిటెడ్ అధికారి పచ్చ సంతకము, దాని పక్కన గుండ్రముద్ర. సాయంత్రము హైదరాబాదు బస్సు కదిలేలోగా ఎవడు తెచ్చి ఇస్తే వాడిదే వీసా.

మండలాధికారి క్యాంపునకు వెళ్లాడు. కాలేజీ ప్రిన్సిపాలు సెలవులో ఉన్నాడు. ఇక ఆ భూభాగమున ఆకుపచ్చ సిరా ధరించిన మహానుభావుడు పశువుల దవాఖాన డాక్టరొక్కడే. ఎద్దు నాలుకను పరీక్షించగలవాడు వెల్డరు విద్యను పరీక్షించలేడా అని ప్రభుత్వము వారి నమ్మకము. అక్కడికే హన్మాండ్లు భార్య భాగ్యవ్వ తోడురాగా బయలుదేరి, వరుసలో ఒక ఎద్దు వెనుక, ఒక బర్రెకూ రెండు మేకలకూ ముందు నిలబడ్డాడు. తన వంతు రాగానే, “హే వైద్యశిఖామణీ, సకలపశుప్రాణరక్షకా, హరితలేఖినీధరా, నీ సంతకమే శరణ్యము” అని హృదయములో గంభీరముగా గర్జించాడు. నోటినుండి మాత్రము “సారూ, జర సంతకం” అని వెలువడింది.

డాక్టరు జిరాక్సును ఎత్తి చూశాడు. నాలుగు మూలలా నాలుగు నల్లని మచ్చలు! భాగ్యవ్వ శుభమని అసలు సర్టిఫికెటు నాలుగు మూలలకూ పసుపు పెట్టింది. ఆ జిరాక్సు యంత్రానికి మంగళమేమి తెలుసు, ఉన్నదంతా నలుపు చేసి కూర్చుంది. అసలుది చూపిస్తే డాక్టరుకు అనుమానము ఇంకా ముదిరింది. ఈ పసుపు కింద ఏమి చెరిపితిరో, ఏమి దిద్దితిరో, మచ్చల కాగితముపై చేయి పెట్టి ఇన్నేండ్ల కొలువును గంగలో కలుపుకొనజాలనని పలికి కలము మూత బిగించాడు. హన్మాండ్లు గొంతు ఎండిపోయింది. మస్కట్టు ఎడారి ముందుగా అక్కడికే వచ్చింది.

అప్పుడు భాగ్యవ్వ కొంగు నడుముకు చెక్కి, బర్రెను పక్కకు తోసి ముందుకు వచ్చింది.

“సారూ, మొన్న మా ఎద్దును అమ్మనీకి మీ దగ్గర ముద్ర ఏయించినప్పుడు దాని కొమ్ములకు పసుపు పెట్టే తోల్కచ్చిన. గప్పుడు గిది నకిలీ ఎద్దని మీరు అనలే. నా పెనిమిటి కాయితానికి పెడితే గింత అనుమానమేంది?”

ఆ వాగ్బాణమునకు మేకలు అరవడము మానాయి. డాక్టరు నవ్వేశాడు. నవ్విన అధికారి ఓడిన అధికారే గనుక పచ్చ కలము మూత ఊడింది, రెండు నకళ్ల మీదా సంతకము పడింది. గుండ్రటిది కొట్టి పంపుమని అటెండరు ఏసయ్యకు చెప్పి ఆయన బర్రె దగ్గరకు వెళ్లాడు. ఏసయ్య సొరుగు వెదికి అందులోని ఏకైక గుండ్రముద్రను వెలికితీసి, దాని మొహముపై “హా” అని ఆవిరి ఊది, బల్ల అదిరేటట్టు రెండుసార్లు మోపాడు.

ఆపై హన్మాండ్లు పసుపు బస్తాల కొండలను దాటుచు, హమాలీల తిట్లను లెక్కచేయక, చెప్పు తెగినా ఆగక బస్టాండుకు పరుగెత్తాడు. భీమ్‌గల్ వీరుడు అప్పటికే తన ఊరి అధికారి వేసిన చదరపు పలకముద్రతో వచ్చి నిరాకృతుడై తల గోక్కుంటున్నాడు. తుకారాం పచ్చదనము చూశాడు, గుండ్రతనము చూశాడు, ఒక నకలు సంచిలో వేసుకొని రెండవది తిరిగి ఇచ్చి బస్సెక్కాడు. అందులో ఏమున్నదో చదవలేదు. గుండ్రముద్రను ఎవరు చదువుతారు గనుక!

వెనుకనే రొప్పుచు వచ్చి చేరిన భాగ్యవ్వకు చదువు రాదు. అందుకే అడిగింది, గుండ్రంగ ఏం రాసిండ్రని. హన్మాండ్లు కాగితమును చక్రము వలె తిప్పుచు, ఊదారంగు అక్షరములను కూడబలుక్కొని చదివాడు.

“పరీక్షించితిమి. రోగములు లేవు. రవాణాకు యోగ్యము.”

అతడు వెనుకకు పోయి చెబుదామా అన్నాడు. ఆమె తల అడ్డముగా ఊపింది. కండ్లలో నీళ్లు తిరిగాయి.

“గీ ముద్ర పడ్డ ఎద్దు మల్ల ఇంటికి రాలే. నువ్వు రావాలె.”

“వస్త. ఎద్దుకు వాపసు టికెట్ లేకుండె, నాకున్నది.”

ఆమె ముక్కు చీది, పక్కనున్న బండిలోని బస్తా చిరుగులో వేలు పెట్టి ఇంత పసుపు తీసింది. మనిషికి నాలుగు మూలలు లేవు గనుక నుదుటనే పెట్టింది. ఈ విధముగా వెల్డింగ్ విద్యావిశారదుడు హన్మాండ్లు, తెగిన చెప్పును చేతబట్టి, రోగరహితుడనియు రవాణాయోగ్యుడనియు ప్రభుత్వము వారి చేత రూఢిగా ధ్రువీకరింపబడినవాడై, కమ్మర్‌పల్లి బస్సులో కిటికీ పక్క సీటును జయించాడు.