ఆకు లేని పచ్చ

ఆ ఉదయం అతను పెట్టుకున్న పని ఒక్కటే. కొత్త ఇళ్ల స్థలాల పటానికి రంగులు వేసి, మునిసిపల్ హాల్లో గోడకు తగిలించి, సెలవు చీటీ రాసి ఇంటికొచ్చి పడుకోవడం. పట్టణం పటాలన్నీ అతని చేతి మీదుగానే వెళ్లాయి కాబట్టి ఆఫీసులో అందరూ అతన్ని స్కేలు అంటారు. గీతలు ఇప్పటికీ తిన్నగానే వస్తున్నాయి, వంగింది నడుమొక్కటే.

బయల్దేరుతుంటే చెల్లెలు గుమ్మంలో నిలబడింది. ఇళ్లకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

"అన్నయ్యా, మా ఇళ్లు ఆ పల్లంలోనే ఖాయమా?"

"పెద్దవాళ్లు అనుకున్నారు. నేను గీశాను."

"వానొస్తే అక్కడ నడుంలోతు నీళ్లు. పిల్లల్ని చంకనేసుకుని వంట చెయ్యమంటావా?"

"అంతస్తులు కడతారటే."

"కింది అంతస్తు కప్పలకిస్తారా?"

స్కేలు చెప్పులేసుకుని గుమ్మం దిగాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ మాత్రం చాలనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆఫీసులో రంగుల ప్రింటరు పాడై కూర్చుంది. కుంచె కడుగుతుండగా ప్లానింగ్ ఆఫీసరు ఫోను చేశాడు.

"ఏమయ్యా స్కేలూ, క్లబ్బు పక్కన మిట్ట ఉంది చూడు, దానికి పచ్చ కొట్టు. పల్లం వదిలెయ్. పటం హాల్లో తగిలించెయ్. నేను దారిలో ఉన్నా."

పటంలో ఇళ్లకు పసుపు వేస్తారు, ఖాళీ మైదానాలకు ఆకుపచ్చ. స్కేలు ఇంట్లో తాతల నాటి నుంచీ పచ్చ అంటే పసుపే. రెండో రంగు కావాలంటే ముందు ఆకు అన్న మాట ఉండాలి. అంటే ఇళ్లు మిట్టకెక్కాయన్నమాట! మళ్లీ అడుగుదామని ఫోను ఎత్తాడు. అడిగితే మార్చేస్తారేమోనని దించేశాడు. పల్లంలో అప్పటికే వేసిన పసుపు మీద తెల్లకాగితం అతికించి, మిట్టకు నిండుగా పసుపు పూశాడు.

పటం గోడకెక్కిన కాసేపటికే హాలు కిక్కిరిసింది. "మిట్ట మీదే! మిట్ట మీదే!" అని ఆడవాళ్లు ఫోన్లలో అరిచారు. దాంతో మరింత మంది వచ్చారు. పల్లాన్ని తిట్టడానికి ప్రసంగం రాసుకొచ్చిన ప్రతిపక్షం కౌన్సిలరు పటం చూసి నోరు తెరిచి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని గొంతెత్తాడు.

"మేం ఎప్పట్నుంచో అడుగుతున్నది ఇదే! ఇది మా పోరాట ఫలం!"

చప్పట్ల మధ్య ఆఫీసరు లోపలికొచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏంటయ్యా ఈ పసుపు?"

"మీరే పచ్చ అన్నారండీ."

"పచ్చంటే పచ్చయ్యా! చెట్టు పచ్చ!"

"అది ఆకుపచ్చ కదండీ. మీరు ఆకు అన్లేదు."

"మరి పల్లం ఏదీ?"

"వదిలెయ్యమన్నారుగా."

"ముట్టుకోకుండా వదిలెయ్యమన్నానయ్యా మహానుభావా! ఆ మిట్ట చైర్మన్ గారి టెన్నిస్ కోర్టుకి!"

ఆఫీసరు పటం దించబోయాడు. ఫోను విని వచ్చిన చెల్లెలు అడ్డం నిలబడింది. "పటం మీద చెయ్యి పడిందో, మర్యాదగా ఉండదు బాబూ!" ఆమె వెనక హాలంతా నిలబడింది.

అప్పుడే చైర్మన్ వచ్చాడు. పటం చూశాడు, పళ్లు కొరికాడు. జనాన్ని చూశాడు, ఇంకా పోరాట ఫలమంటున్న కౌన్సిలర్నీ చూశాడు, నవ్వాడు.

"ప్రతిపక్షం వాళ్ల పోరాటమేంటమ్మా? నేను స్వయంగా దగ్గరుండి పచ్చ వేయించాను!"

అక్కడికక్కడే కౌన్సిలర్లకు ఓటింగు పెట్టారు. ఆ హాల్లో అందరి చేతులూ ఒక్కసారే లేవడం స్కేలు తన సర్వీసులో చూడలేదు. మిట్ట మీద ఇళ్లు ఖాయమయ్యాయి.

చెల్లెలు జనంలోంచి తోసుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "తెలిసే వేశావా అన్నయ్యా?"

"ఏమోనే. అడగలేదు, అంతే."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వింది. స్కేలు సెలవు చీటీ రాసుకుని వరండాలోకి వచ్చేసరికి చైర్మన్ ఎదురుపడ్డాడు.

"నీ సంగతి తర్వాత చూస్తా. ముందు నా కోర్టు ఎక్కడ పెడతావో చెప్పు."

"పల్లం ఖాళీగా ఉందండీ."

"ఏడిసినట్టుంది. సరే, దానికి పచ్చ కొట్టు."

"ఏ పచ్చండీ?"

చైర్మన్ ఓ చూపు చూసి కారెక్కాడు. స్కేలు సెలవు చీటీ చింపేసి, బల్ల దగ్గరికి తిరిగొచ్చి, పల్లం కోసం చెరువులకు వేసే నీలం కలిపాడు.