వరసకు వదిన

ఇకమీదట ఇంట్లో వండింది తప్ప వేరే మెతుకు ముట్టబోనని ఆహార శాఖ మంత్రిగారు సోమవారం పదకొండు గంటలకు తమ ఇంటి హాల్లో విలేకరుల ముందు ప్రతిజ్ఞ చేశారు. చేస్తున్నంతసేపూ ఎడమ చేతిలో ఒక క్యారెట్టు పట్టుకున్నారు. జనం బయటి తిండి తిని పాడైపోతున్నారనీ, రంగులూ రసాయనాలూ లేని సహజమైన తిండిని, తక్కువ నూనెతో, తక్కువ ఉప్పుతో ఎవరింట్లో వాళ్ళు వండుకుంటే సగం ఆస్పత్రులు మూసెయ్యొచ్చనీ సెలవిచ్చారు. సగం ఇప్పటికే మూతపడి ఉన్నాయని ఒక ముసలి విలేకరి గుర్తుచేశాడు.

"చూశారా, ఫలితాలు అప్పుడే కనిపిస్తున్నాయి" అన్నారు మంత్రిగారు.

"మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ?" అని ముందు వరసలోంచి టీవీ అమ్మాయి అడిగింది.

మంత్రిగారు ఒక్క క్షణం క్యారెట్టు వంక చూశారు. "ఇంటి మనిషే" అన్నారు.

"అయితే శుక్రవారం కెమెరాతో వస్తాం. వంటింట్లోనే చూపిద్దాం."

"రండి, రండి" అన్నారు. అంతకంటే ఏమనగలరు?

ఈ మాటలు తలుపవతల బీన్సు ఈనెలు తీస్తున్న వంటామె కూడా విన్నది. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో వండుతోంది. నువ్వు ఇంటి మనిషివే అన్న మాట ఆమెకి కొత్త కాదు. సెలవడిగినప్పుడల్లా చెప్పేవారు. కుర్చీలో కూర్చోబోయినప్పుడు మాత్రం ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

నిజానికి ఆమెకి ఆ ప్రతిజ్ఞ నచ్చింది. ఆమె మొగుడు ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడు. డిపో క్యాంటీన్లో వేయించినవన్నీ తిని తిని, మొన్న చలికాలంలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు: "ఉప్పు సగం, నూనె పావు. కూరలు అప్పటికప్పుడు వండి పెట్టమ్మా. పొట్లాల్లో తిండి ముట్టనివ్వకు. ఇంకోసారి ఇలా వస్తే నా చేతిలో ఏమీ ఉండదు." మొగుడు మహానుభావుడికి పొయ్యి ఏ పక్కకి తిప్పితే వెలుగుతుందో తెలీదు. అందుకని ఆమె ఐదు కొట్టగానే ఇక్కడి పొయ్యి కట్టేసి, బస్సెక్కి, ఆరింటికల్లా అక్కడి పొయ్యి వెలిగించేది. మంత్రిగారి పథకం ఒక ఇంట్లో నాలుగు నెలలుగా అమలవుతోందన్న సంగతి మంత్రిగారికి తెలీదు.

మధ్యాహ్నం హాల్లో సమావేశం జరిగింది. మంత్రిగారు, అమ్మగారు, పీఏ, పోషకాహార డైరెక్టరు కూర్చున్నారు. వంటామె నిమ్మరసం గ్లాసులు పట్టుకుని నిలబడింది. డైరెక్టరు గొంతు సవరించుకుని మార్గదర్శకాలు చదివాడు.

"ఇంటి వంట అనగా ఇంటి మనిషి, ఇంటి పొయ్యి మీద, ఇంటివారి నిమిత్తం వండినది. జీతం పుచ్చుకుని వండినది హోటలు వంటగా పరిగణించబడును."

"ఎవడయ్యా ఇది రాసింది?"

"తమరేనండీ. పోయిన నెల సంతకం పెట్టారు."

"బాగా రాశాను" అన్నారు మంత్రిగారు. తరవాత భార్య వైపు తిరిగారు.

"నా వంక చూడకండి" అన్నారు అమ్మగారు. "నేను గరిట పట్టి పద్దెనిమిదేళ్ళయింది. కెమెరా ముందు వేలు తెగ్గోసుకుంటే మీ పథకానికే చెడ్డపేరు."

పీఏ చిటికేశాడు. మంత్రిగారి బుర్రలో సగం పీఏదేనని అందరూ ఒప్పుకుంటారు. మిగతా సగం ఎవరిదన్న దాని మీదే భేదాభిప్రాయాలు.

"ఇంటి మనిషి లేకపోతే చేసుకుందాం సార్. ఈవిడకేదో ఒక వరస కలిపేద్దాం."

"అక్క అందామా?" అన్నాడు డైరెక్టరు.

"అక్కంటే రేపు ఆస్తిలో వాటా అడుగుతుంది" అన్నారు అమ్మగారు.

"పోనీ, పిన్ని?"

"మా తాతయ్య పరువు తీస్తావా ఏమయ్యా?" అన్నారు మంత్రిగారు.

"అత్తయ్య?"

"అంటే, నేను ఈవిడ కూతుర్నా?" అమ్మగారు కుర్చీలోంచి లేచారు.

"వదిన" అన్నాడు పీఏ.

అందరూ ఆ మాటని నోట్లో వేసుకుని చప్పరించి చూశారు. బాగుంది. వదినలో ఆప్యాయత ఉంది, గౌరవం ఉంది, వాటా లేదు.

"కానీ నాకు అన్నయ్య లేడు కదయ్యా?"

"ఉండేవారు సార్. పోయారు."

"ఎప్పుడు?"

"ఎప్పుడైతే బాగుంటుందో తమరే చెప్పండి."

మంత్రిగారు కళ్ళొత్తుకున్నారు. ఆయనది వెన్నలాంటి మనసు.

వంటామె ట్రే బల్ల మీద పెట్టింది. "అయ్యగారూ, మా ఆయన బతికే ఉన్నాడండీ."

"ఉండనీ అమ్మా, వద్దన్నదెవరు?" అన్నారు మంత్రిగారు ఉదారంగా. "కొన్నాళ్ళు ఎవరికీ చెప్పకు, చాలు."

"మరి ఐదింటికి నేను ఇంటికి..."

"ఇంటికేంటి వదినా? ఇదే నీ ఇల్లు!"

శుక్రవారం కెమెరా వచ్చేముందు పీఏ వంటింట్లోకొచ్చి క్యారెట్లు చూసి గుండె బాదుకున్నాడు. "కడిగేశావా? మట్టి లేకపోతే సహజమని జనం ఎలా నమ్ముతారు?" అప్పటికప్పుడు పూలకుండీల దుకాణం నుంచి ఒక సంచి నల్లమట్టి తెప్పించి, ఒక్కో క్యారెట్టుకీ శ్రద్ధగా పూయించాడు. సంచి మీద తినరాదు అని రాసి ఉంది. దాన్ని గోడవైపు తిప్పి పెట్టారు.

టీవీ అమ్మాయి మైకు ముందుకు చాపింది. "వదినగారూ, ఆరోగ్యంగా వండుకోవాలంటే ఏం చెయ్యాలి?"

వంటామెకి అబద్ధం చెప్పడం రాదు. అడిగింది కాబట్టి తెలిసింది చెప్పింది. "కూరలు కోసి కడగొద్దమ్మా, కడిగి కొయ్యండి. సన్నటి మంట మీద మూతపెట్టి మగ్గనిస్తే నూనె అంతగా పట్టదు. ఉప్పు దించేముందు వెయ్యండి, సగంతో సరిపోతుంది. పొట్లం మీద రాసినవి చదవడానికి నోరు తిరక్కపోతే, తిన్నా కడుపుకి పట్టవు."

డైరెక్టరు ఇవన్నీ గబగబా రాసుకున్నాడు. ఆయన విభాగం పన్నెండేళ్ళుగా పరిశోధన చేస్తోంది కానీ ఇంత దూరం రాలేదు.

"మీవారు ఏ జబ్బుతో పోయారండీ?"

ఆమె నోరు తెరిచేలోగా మంత్రిగారు అందుకున్నారు. "బయటి తిండమ్మా! బంగారంలాంటి వదిన చేతి వంట కాదని బయట తిన్నాడు మా అన్నయ్య. ఒక్కసారే తిన్నాడు." కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. అవి ఏ రసాయనమూ కలపని సహజమైన కన్నీళ్ళు. వంటామె ఆయన పక్కనే ఉల్లిపాయలు తరుగుతోంది మరి.

"ఊరుకోండి అక్కయ్యా" అంటూ అమ్మగారు తోడికోడలి చెయ్యి పట్టుకున్నారు. పద్నాలుగేళ్ళలో అదే మొదటిసారి. కెమెరా ఆగాక సబ్బుతో కడుక్కున్నారు.

టీవీవాళ్ళు వెళ్ళగానే ఉడికిన కూరలు ప్రదర్శన నిమిత్తం ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి. వెనకగుమ్మంలోంచి వేయించిన కోడి డబ్బా లోపలికొచ్చింది. ఇంటి పొయ్యి మీద ఒకసారి వెచ్చబెట్టినది ఏదైనా ఇంటి వంటే అవుతుందని డైరెక్టరు నోటు రాసిచ్చాడు. వంటామె వెచ్చబెట్టింది. ప్రతిజ్ఞకి భంగం కలగలేదు.

మర్నాటికి ఊరూరా వదినగారి మాటే. ఆడవాళ్ళు కూరలు కడిగి కోస్తున్నారు. లేని అన్నగారి పేరు మీద అన్నగారి స్మారక ఇంటి వంట పథకం ప్రకటించారు. వచ్చే పోయే పెద్దలందరికీ వదినగారు వడ్డిస్తే తప్ప ముద్ద దిగడం లేదు. ఇక ఐదింటికి వెళ్ళడమంటే మాటలా? మంత్రిగారి వదిన బస్టాపులో నిలబడితే లోకం ఏమనుకుంటుంది? ఎనిమిదింటికి వడ్డనలన్నీ అయ్యాక కారులో దింపేవారు. వీధి మొదట్లోనే దింపేవారు. బతికున్న మొగుడు ఎవరి కంటైనా పడితే బాగుండదని.

ఆమె సామాన్ల గదిలో దూరి ఇంటికి ఫోన్ చేసింది.

"ఏం తిన్నావ్?"

"ఆపిలు."

"ఆపిలు అలా కరకరలాడుతుందా?"

"కొత్త రకంలే."

"చిప్సే కదూ?"

"నేను పోయానట కదే. పేపర్లో చూశాను. పోయినవాణ్ణి ఉప్పేం చేస్తుంది?"

"నోర్ముయ్. కాళ్ళు వాచాయా?"

అవతల కరకర ఆగిపోయింది. "చెప్పుల్లో పట్టడం లేదు" అన్నాడు. "నువ్వు కంగారు పడకు. ఇంట్లో ఉన్నవాడికి చెప్పులెందుకు?"

ఆమె తిన్నగా పీఏ దగ్గరికి వెళ్ళింది. "బాబూ, నీకు దణ్ణం పెడతాను. రేపటినుంచి ఐదింటికి నన్ను వదిలెయ్యి. పొద్దున వండి పెట్టొస్తే మధ్యాహ్నానికే తినేసి, సాయంత్రం పొట్లాలు తెచ్చుకుంటున్నాడు. మనిషి నాకు దక్కడు."

"రేపు పథకం ప్రారంభం కదా అత్తా" అన్నాడు పీఏ. పనిబడినప్పుడు అతను కూడా వరస కలుపుతాడు. "సభ నాలుగున్నరకల్లా అయిపోతుంది. ఐదింటికి నీ బస్సు నువ్వెక్కు. ఒట్టు."

సభ నాలుగున్నరకి మొదలైంది.

వేదిక మీద వంటామెకి కుర్చీ వేశారు. మంత్రిగారు తాడు లాగగానే తెర జారి, అన్నగారి చిత్రపటం పూలదండతో సహా ప్రత్యక్షమైంది. అది ఆమె మొగుడి ఫోటో. డ్రైవరు చొక్కా మీద నల్లకోటు అతికించారు.

"ఎవడిదో ఒకడిది పెట్టాలి కదా" పీఏ చెవిలో గొణిగాడు. "నీ ఫైల్లో ఇదొక్కటే దొరికింది. మొహంలో మంచితనం ఉంది."

వేదిక కిందే ఒక బల్ల వేసి, ఇంట్లో వండేవాళ్ళు లేనివారికి సహజాహార పొట్లాలు ఉచితంగా పంచుతున్నారు. ఉడికిన గింజలు, ఉప్పు లేని కూరలు, ఒక పండు. పొట్లం మీద వదినగారి నవ్వు మొహం. వరస మెల్లగా కదులుతోంది. ఆ వరసలో, విప్పిన చెప్పులు చేత్తో పట్టుకుని, ఆయాసపడుతూ ఆమె మొగుడు. ఉప్పు లేనిదే పెడుతున్నారని ఎవరో చెప్పి ఉంటారు. తన మాట విన్నందుకు సంతోషించాలో, ఇంత దూరం నడిచొచ్చినందుకు తిట్టాలో ఆమెకి తెలియలేదు.

"ఇంట్లో వండేవాళ్ళు లేరా?" అని బల్ల దగ్గరి గుమాస్తా అడిగాడు.

"ఉంది. అదిగో, పైన కుర్చీలో."

"ఆవిడ మంత్రిగారి వదినగారయ్యా. వాళ్ళాయన పోయారు. ఫోటో చూడలేదా?"

మొగుడు తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. "అది నేనే. కోటు మాత్రం నాది కాదు."

గుమాస్తా పని ఎగ్గొట్టే రకం కాదు. లేచి నిలబడి, ఒకసారి ఫోటోనీ ఒకసారి మనిషినీ, ముక్కు దగ్గర్నుంచి చెవుల దాకా పోల్చి చూశాడు. "నిజమే, మీరే" అని ఒప్పుకున్నాడు. "కానీ పోయినవాళ్ళకి పొట్లం ఇవ్వమని రూల్లో లేదండీ. కాస్త పక్కకి జరగండి, వెనక బతికున్నవాళ్ళు ఉన్నారు."

అతను పక్కకి జరిగి, మూడో వరసలో ఖాళీ కుర్చీ చూసుకుని కూలబడ్డాడు. చొక్కా చెమటకి తడిసిపోయింది.

"ఇప్పుడు మా వదినగారు రెండు ముక్కలు మాట్లాడతారు!" అని మంత్రిగారు మైకు ఆమె చేతికిచ్చారు.

వంటామె లేచింది. అంత జనాన్ని చూసి భయం వేయాలి, వేయలేదు. "ఐదుంపావయిందండీ" అంది. "మా ఆయన ఆకలి మీదున్నాడు. అదిగో, నా ఎదురుగానే కూర్చున్నాడు. కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. నేను వెళ్ళి వండి పెట్టాలి. నన్ను వదిలెయ్యండి."

మంత్రిగారు గబుక్కున మైకు అందుకున్నారు.

"విన్నారా! మా అన్నయ్య పోయి ఇన్నేళ్ళయినా, మా వదిన కళ్ళకి ఇంకా ఎదురుగా కూర్చున్నట్టే కనిపిస్తున్నాడు! ఇంకా ఆయన కోసమే వండుతోంది! అయ్యా, అమ్మా, ఇదీ ఇంటి వంటంటే!"

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. టీవీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆ మహనీయుడి ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా పీఏ ప్రకటించాడు. పదివేల మంది ఒక్కసారిగా లేచారు.

మూడో వరసలో ఆమె మొగుడు కూడా ముందు కుర్చీ ఆసరా పట్టుకుని మెల్లగా లేచి, తల వంచుకుని నిలబడ్డాడు. అందరూ నిలబడినప్పుడు తనొక్కడే కూర్చుంటే బాగుండదని.